మూడుసార్లు పగిలిన కర్ర: మా తాత బెల్జియం తుపాకి కథ

ఈసారి టేబుల్ మీద మ్యాపు లేదు, పాత ఫొటోలు లేవు. తుప్పు పట్టిన ఓ బిస్కెట్ల డబ్బా ఉంది. (డబ్బా మూత తీస్తూ) ఇందులో రెండు పగిలిన కర్ర ముక్కలు, బెల్లం అచ్చులా పొడిపొడిగా రాలుతున్న ఓ నల్లటి పీచు ముక్క ఉన్నాయి. ఇంకో వస్తువు కూడా ఉండేది. ఒక స్టీలు ఉంగరం. దాని ఫొటో మాత్రం స్క్రీన్ మీద పెడుతున్నాను. అసలు ఉంగరం ఎక్కడుందో చివర్లో చెప్తాను.

ఇవన్నీ మా తాత తుపాకివి. తుపాకి ఇప్పుడు మా దగ్గర లేదు. తాత పోయాక లైసెన్సు రద్దు చేయించి, తుపాకిని విశాఖలో లైసెన్సు ఉన్న డీలరుకి అప్పజెప్పేశారు. కామెంట్లలో అడుగుతారని ముందే చెప్తున్నా.

మాది పలాసకి తూర్పున, సముద్రం వైపు, వజ్రపుకొత్తూరు మండలంలో ఓ పల్లె. ఉద్దానం అంటే మీలో చాలామందికి కిడ్నీ జబ్బు వార్తలే గుర్తొస్తాయి. మాకు మాత్రం ముందు గుర్తొచ్చేది జీడి తోట, కొబ్బరి తోట, పనస చెట్టు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. అప్పుడు నేను బీటెక్ ఫైనల్ ఇయర్. నాలుగు రోజుల తర్వాత ఇంటికి చేరేసరికి తోటలో నిలబడ్డ చెట్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇంటి పెంకులు సగం లేవు. అటక మీద సామానంతా దింపి ఎండబెడుతుంటే ఈ డబ్బా దొరికింది. మామ్మ చూసి, "అదా... మీ తాత తుపాకి ముక్కలురా. దాని కర్ర ఎప్పుడూ ఇరిగిపోయేది" అంది. అంతే చెప్పి కొబ్బరి మట్టలు ఏరుకోవడానికి వెళ్లిపోయింది.

"ఎప్పుడూ ఇరిగిపోయేది." సాఫ్ట్‌వేర్‌లో పని చేసినవాడికి ఈ మాట వింటే నిద్ర పట్టదు. ఒకసారి విరిగితే ప్రమాదం. ఒకే పార్టు, ఒకే చోట, మూడుసార్లు విరిగితే అది బగ్.

నాకు ఊళ్లో దొరికిన కథ ఇదీ. తాతకి 12 బోరు తుపాకి ఉండేది. బెల్జియం సరుకు, సెకండ్ హ్యాండ్. జీడి తోట కాపలాకి లైసెన్సు. రాత్రిళ్లు అడవి పందులొచ్చేవి, జీడి పళ్ల కాలంలో ఎలుగుబంట్లొచ్చేవి. ఎలుగులు మందస, సోంపేట, మా మండలం వైపు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. అప్పట్లో తోటలో రెండు మూడు మోతలు మోగిస్తే చాలు, అన్నీ పారిపోయేవట. ఆ తుపాకి గొట్టం కింద ఎడమ చేత్తో పట్టుకునే కర్ర ఉంటుంది చూడండి, దాన్ని మనం ముందు కర్ర అందాం. అది నార వెంబడి నిలువునా పగిలింది. కంపెనీ వాల్‌నట్ కర్ర మనకెక్కడ దొరుకుతుంది? తాత ఊరి వడ్రంగిని పిలిచాడు. ఆయన ఉద్దానం పనస కర్రతో అచ్చు అలాంటిదే చెక్కి ఇచ్చాడు. అదీ పగిలింది. తాత తిట్టాడు. ఈసారి టేకుతో చేయించాడు. అదీ పగిలింది.

మూడోది పగిలినప్పుడు వీధి అరుగు మీద పంచాయితీ జరిగిందట. వడ్రంగి అన్నమాట ఊళ్లో ఇద్దరు ముసలాళ్లకి ఇప్పటికీ గుర్తుంది. "కర్రలో తప్పు నేదు బాబూ. నోపల ఏటో గుద్దెత్తన్నాది." దానికి తాత, "పని సేతకాక తుపాకి మీద పెడతావేట్రా" అన్నాడట. టేకు కర్రకి కూలి ఇవ్వలేదు. ఆ తర్వాత ఆ ఇంటివాళ్లెవరూ మా ఇంటి పనికి రాలేదు. మా ఇంటి తలుపులు, మంచాలు, ఎడ్లబండి, చివరికి మా నాన్న ఊయల కూడా ఆయన చేసినవే. ఆ రాకపోకలన్నీ ఈ కర్ర ముక్క దగ్గర తెగిపోయాయి.

తప్పు ఎవరిదో తెలుసుకోవాలంటే ముందు ఈ తుపాకి ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి. పదండి, కాసేపు అమెరికా, అక్కణ్ణుంచి బెల్జియం వెళ్లొద్దాం.

జాన్ మోజెస్ బ్రౌనింగ్. 1855లో అమెరికాలో యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి కూడా తుపాకులు చేసేవాడే. 1883 నుంచి ఈయన డిజైన్లు చేయడం, వించెస్టర్ కంపెనీ కొనుక్కోవడం. ప్రతిసారీ ఒకే పద్ధతి: ఇంత డబ్బు, ఇచ్చేశాం, అయిపోయింది. ఎన్ని అమ్ముడుపోయినా ఈయనకి పైసా అదనంగా రాదు. ఫ్రీలాన్సర్‌కి ప్రాజెక్టు డబ్బులు ఇచ్చి పంపేసినట్టు.

ఆ తర్వాత ఈయన ఇంతవరకు ఎవరూ సరిగ్గా చేయలేని వస్తువు చేశాడు. తనంతట తానే తర్వాతి తూటా ఎక్కించుకునే షాట్‌గన్. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒకే తూటా పేలుతుంది, కాని ఖాళీ డొప్పని బయటికి విసిరి కొత్తది లోపల పెట్టే పని తుపాకే చూసుకుంటుంది. 1900 అక్టోబరులో అమెరికాలో పేటెంటు వచ్చింది. ఈసారి బ్రౌనింగ్ తెగేసి చెప్పాడు: నాకు ఒకేసారి ఇచ్చే డబ్బు వద్దు, అమ్మిన ప్రతి తుపాకి మీద రాయల్టీ కావాలి. వించెస్టర్ పెద్ద బెనెట్ ఒప్పుకోలేదు. 19 ఏళ్ల స్నేహం అక్కడితో సరి.

బ్రౌనింగ్ తన నమూనా తీసుకుని రెమింగ్టన్ కంపెనీకి వెళ్లాడు. 1902 జనవరి 8. కంపెనీ అధిపతి మార్సెల్లస్ హార్ట్లీతో మాట్లాడడానికి ఎదురుచూస్తుంటే కబురొచ్చింది: హార్ట్లీ గుండె ఆగి చనిపోయాడు. సినిమాలో పెడితే మనమే నమ్మం. ఇక అమెరికా వదిలేసి ఓడ ఎక్కి బెల్జియం వెళ్లాడు. లియేజ్ పక్కన ఎర్‌స్టాల్‌లో ఫాబ్రిక్ నేషనల్ అనే కార్ఖానా, పొట్టి పేరు ఎఫ్ఎన్, అప్పటికే ఆయన పిస్టల్ తయారుచేస్తోంది. వాళ్లు వెంటనే ఒప్పుకున్నారు. తన సరుకు మీద ఆయనకి ఎంత నమ్మకమంటే, మొదటి ఆర్డరు 10,000 తుపాకులు తానే ఇచ్చాడు. 1903 నుంచి బయటికి రావడం మొదలైంది. ఐదు తూటాలు పడతాయి కాబట్టి తర్వాత ఆటో-5 అన్న పేరు స్థిరపడింది. వెనకభాగం గూనిలా నిటారుగా దిగుతుంది, దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. రెమింగ్టన్ కూడా తర్వాత లైసెన్సు తీసుకుని 1905 నుంచి ఇదే డిజైన్ అమెరికాలో అమ్మింది. బెల్జియంలో, తర్వాత జపాన్‌లో కలిపి 1990ల చివరిదాకా ఇది తయారైంది. బ్రౌనింగ్ మాత్రం 1926 నవంబరులో ఆ ఎర్‌స్టాల్ కార్ఖానాలోనే, పనిలో ఉండగానే పోయాడు.

ఇప్పుడు మా డబ్బాకి సంబంధించిన భాగం. కొంచెం ఓపిగ్గా వినండి, కథ మొత్తం ఇక్కడే ఉంది.

తూటా పేలితే తుపాకి వెనక్కి తన్నుతుంది. అందరికీ తెలిసిందే. బ్రౌనింగ్ ఆ తన్నునే పనికి పెట్టాడు. పేలగానే గొట్టం, దాని వెనకున్న బోల్టు రెండూ ఒకదానికొకటి పట్టుకుని, తూటా పొడవుకన్నా ఎక్కువ దూరం వెనక్కి జరుగుతాయి. అవును, గొట్టమే జరుగుతుంది. చివరికి చేరాక బోల్టు అక్కడే ఆగుతుంది, గొట్టం స్ప్రింగు బలంతో ముందుకి వెళ్తుంది, ఖాళీ డొప్ప ఎగిరిపోతుంది. తర్వాత బోల్టు కొత్త తూటాని నెట్టుకుంటూ ముందుకొస్తుంది. అంతా కనురెప్ప పాటులో.

అంత బరువున్న ఇనుము అంత వేగంగా వెనక్కి వస్తుంటే దేన్నో ఒకదాన్ని గుద్దాలి కదా. గుద్దకుండా ఉండాలంటే బ్రేకు ఉండాలి. ఆ బ్రేకు ఎక్కడుందో తెలుసా? ముందు కర్ర లోపల. గొట్టం కింద తూటాలు దాచే ఇంకో సన్న గొట్టం ఉంటుంది, మ్యాగజైన్ గొట్టం. దాని చుట్టూ పెద్ద స్ప్రింగు. స్ప్రింగు ముందు ఓ స్టీలు ఉంగరం. ఉంగరం ముందు ఓ కంచు ముక్క, చీలిక ఉన్న గాజులాంటిది. స్టీలు ఉంగరానికి ఒక పక్క లోపలివైపు ఏటవాలు ఉంటుంది. తుపాకి పేలి గొట్టం వెనక్కి తోసినప్పుడు ఆ ఏటవాలు కంచు ముక్కని నొక్కుతుంది, అది బిగిసి మ్యాగజైన్ గొట్టాన్ని గట్టిగా పట్టుకుంటుంది. సైకిల్ చక్రాన్ని బ్రేకు రబ్బరు పట్టుకున్నట్టు. ఎంత గట్టిగా తన్నితే అంత గట్టిగా పట్టుకుంటుంది. నాకైతే ఇది చదివిన రోజు లేచి చప్పట్లు కొట్టాలనిపించింది.

ఇక్కడే ఇంకో తెలివి ఉంది. అన్ని తూటాలూ ఒకేలా తన్నవు. బలమైన తూటాకి బ్రేకు గట్టిగా ఉండాలి. బలహీనమైన దానికి బ్రేకు ఎక్కువైతే గొట్టం పూర్తిగా వెనక్కి రాదు, డొప్ప బయటికి పడదు, తుపాకి ఇరుక్కుపోతుంది. అందుకని బ్రౌనింగ్ ఆ ఉంగరానికి రెండు స్థానాలు పెట్టాడు. బలమైన తూటాలు వాడేటప్పుడు స్ప్రింగుకి ముందు, కంచు ముక్కని ఆనుకుని. తేలిక తూటాలప్పుడు తీసి స్ప్రింగుకి వెనక, అక్కడ అది ఊరికే కూర్చుంటుంది. మన భాషలో ఇది సెట్టింగ్స్ మెనూ. స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. ముందున్న మూత తిప్పి, కర్ర, గొట్టం తీసి, ఉంగరం చోటు మారిస్తే సరి.

సెట్టింగ్ మార్చినవాడికి అది గుర్తుండాలి. అంతే షరతు.

ఉంగరం వెనక ఉంచి బలమైన తూటాలు వాడితే? గొట్టం బ్రేకు లేని లారీలా వస్తుంది. ఆ దెబ్బ ముందు కర్రకి తగులుతుంది, వెనకభాగంలో ఇనుప డబ్బా లోపలి గోడకి తగులుతుంది. ఆ గోడ దగ్గర దెబ్బ తీసుకోవడానికి ఓ పీచు మెత్త పెట్టి ఉంటుంది. (నల్లటి ముక్క చూపిస్తూ) ఇదే అది. ఇలా నలిగిపోయిందంటే ఎన్నిసార్లు గుద్దిందో ఊహించుకోండి. ఇంకోటి, మ్యాగజైన్ గొట్టానికి నూనె ఎక్కువ రాస్తే కంచు ముక్క పట్టు జారిపోతుంది. బ్రేకు రబ్బరుకి గ్రీజు పూసినట్టే. ఈ ఫ్యామిలీ తుపాకుల్లో ముందు కర్రలు పగలడం ప్రపంచమంతా ఉన్న జబ్బే. పాత తుపాకులు సేకరించేవాళ్లు ఆటో-5 చేతికి రాగానే మొదట చూసేది కర్ర మీద సన్న పగుళ్లు, తర్వాత లోపల ఉంగరం ఎక్కడుందో.

కాసేపు మళ్లీ వించెస్టర్ దగ్గరికి. రాయల్టీ ఇవ్వనన్న కంపెనీ ఏం చేసిందో చెప్పకపోతే నాకు తోచదు. పోటీగా వాళ్లూ ఒకటి చేయాలనుకున్నారు. తమాషా ఏంటంటే, బ్రౌనింగ్ పేటెంట్లు పక్కాగా రాయించడంలో సాయం చేసింది వించెస్టర్ ఇంజనీరు టి. సి. జాన్సనే. ఇప్పుడు తాను కట్టిన గోడని తానే దూకాలి. బోల్టుని చేత్తో వెనక్కి లాగడానికి పక్కన పిడి పెట్టడం కూడా పేటెంటులో ఉంది. అందుకని 1911లో వచ్చిన వాళ్ల మోడల్‌కి పిడే లేదు. గొట్టం మీద గరుకుగా గీతలు పెట్టి, దాన్నే పట్టుకుని వెనక్కి నెట్టమన్నారు.

ఆ రోజుల్లో తూటా డొప్పలు కాగితంవి. తేమ తగిలితే ఉబ్బుతాయి, ఉబ్బితే లోపల ఇరుక్కుంటాయి. ఇరుక్కున్నప్పుడు చేత్తో నెడితే రాదు. అప్పుడు కొందరు తుపాకి మడమ నేలకి ఆనించి, గొట్టం మూతి తమవైపు పెట్టుకుని, రెండు చేతులతో కిందికి నొక్కేవాళ్లు. లోపల పేలని తూటా ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆ తుపాకికి 'విధవల్ని చేసేది' అన్న పేరు పడిపోయింది. అందులో కూడా దెబ్బ ఆపడానికి పీచు ఉంగరాలే, అవి అరిగితే మడమ కర్ర చీలిపోయేది. 1925కి తయారీ ఆపేశారు.

ఈ కాగితం తూటాల సంగతి గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు మన ఊరికి వచ్చేద్దాం.

2020 లాక్‌డౌన్‌లో నేను ఇంటి నుంచే పని చేసేవాణ్ణి. సిగ్నల్ కోసం డాబా ఎక్కడం, కరెంటు పోతే కిందికి దిగడం. ఆ ఖాళీలో తాత పద్దుల పుస్తకాలు బయటికి తీశాను. తాత ప్రతి అణా రాసేవాడు. ఎరువు, కూలి, టెక్కలి సంత, నౌపడ ఉప్పు, కాశీబుగ్గలో జీడి గింజల ధర, గుడి చందా. ఆ మధ్యలో "తూటాలు", "వడ్రంగికి", "మిషను నూనె" అన్న పద్దులు. నేను ఆ మూడు రకాలూ ఏరి ఎక్సెల్ షీట్లో వరసగా పెట్టాను. సర్వర్ పడిపోతే లాగ్స్ చూస్తాం కదా, ఇది తాత లాగ్స్.

మొదటి పద్నాలుగు పదిహేనేళ్లు తుపాకి మీద వడ్రంగి ఖర్చు ఒక్క రూపాయి లేదు. అదే వాల్‌నట్ కర్ర. తర్వాత ఒక ఏడాది పద్దులో తాత స్వయంగా రాసుకున్న మాట: "తూటాలు చెమ్మ. తుపాకి పట్టేస్తున్నది. విప్పి సరిచేసితిని." మా తీరం సంగతి మీకు తెలియాలి. నౌపడ దగ్గర గాలిలో ఉప్పు తీసి అమ్ముకోవచ్చు. గోడకి కొట్టిన మేకు రెండేళ్లలో ఎర్రబడుతుంది. పెట్టెలో కాగితం తూటాలు వానాకాలం దాటితే ఉబ్బుతాయి, మందు బలం కూడా తగ్గుతుంది. వించెస్టర్‌వాళ్లని చంపిన జబ్బే ఇది. తూటా బలం తగ్గింది కాబట్టి గొట్టం పూర్తిగా వెనక్కి రావడం లేదు, డొప్ప ఇరుక్కుంటోంది. తాత ఏం చేశాడు? ఉంగరం తీసేశాడు. ఆ పరిస్థితికి అది సరైన పనే! ఎవరో చెప్పారో, తనే విప్పి కనిపెట్టాడో గాని, బ్రౌనింగ్ చెప్పిందే చేశాడు. కాకపోతే ఉంగరాన్ని స్ప్రింగు వెనక పెట్టకుండా, పోతుందేమోనని బిస్కెట్ల డబ్బాలో దాచాడు. తుప్పు భయంతో నూనె కూడా బాగా దట్టించాడు. అదే నెలలో మిషను నూనె పద్దు రెండుసార్లు ఉంది.

మూడేళ్ల తర్వాత పద్దు: "కొత్త తూటాలు, ప్లాస్టికువి." పొడిగా, గట్టిగా, పూర్తి బలంతో. ఉంగరం మాత్రం డబ్బాలోనే. ఆ ఏడు జీడి కాలం దాటకుండానే "వడ్రంగికి, తుపాకి కర్ర" అన్న మొదటి పద్దు. తర్వాత రెండోది. మూడోదానికి పద్దు ఉంది, ఎదురుగా అంకె లేదు.

షీటు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. సెట్టింగ్ మార్చింది తాత. మార్చి ఏళ్లు గడిచాయి, కొన్నాళ్లు బాగానే పనిచేసింది, అందుకే ఆ మార్పుకీ ఈ పగులుకీ సంబంధం ఉందని ఆయనకి తట్టలేదు. ఆఫీసుల్లో ఇది రోజూ జరిగేదే. ఎప్పుడో ఎవరో ఒక లైన్ తీసేస్తారు, ఆర్నెల్ల తర్వాత ఇంకెక్కడో పడిపోతుంది, నిన్న రాత్రి డ్యూటీలో ఉన్నవాడికి మెయిల్ వస్తుంది. నాకూ వచ్చింది ఒకసారి అలాంటి మెయిల్. అది వేరే ఎపిసోడ్.

వడ్రంగి మాత్రం కరెక్టుగా చెప్పాడు. (కర్ర లోపలి వైపు కెమెరాకి చూపిస్తూ) ఇక్కడ చూడండి, లోపల గుండ్రంగా నలిగిన గుర్తు. పనస కర్రలోనూ టేకులోనూ ఒకే చోట. పైనుంచి చూసినవాడికి పగులు కనిపిస్తుంది, లోపల చెక్కినవాడికి దెబ్బ కనిపిస్తుంది. ఆయన తుపాకి ఎప్పుడూ పేల్చలేదు, బ్రౌనింగ్ పేరు వినలేదు, రోగం ఎక్కడుందో వేలు పెట్టి చూపించాడు. విప్పి చూద్దాం అని మా తాత ఒక్కమాట అంటే అయిపోయేది. డబ్బా అటక మీదే ఉంది.

అనలేదు. ఎందుకు అనలేదో అర్థం కావాలంటే మా ప్రాంతంలో తుపాకి అంటే ఏంటో తెలియాలి. ఇంగ్లీషువాళ్లు 1878 ఆయుధాల చట్టంతో లైసెన్సు లేనిదే తుపాకి ఉండకూడదన్నారు. ఆ లైసెన్సు ఎవరికి దొరుకుతుంది? జమీందారుకి, ఆయన మనుషులకి, దొరల మాట వినేవాళ్లకి. 1940 మార్చిలో మన పలాసలోనే అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. అధ్యక్షుడిగా ఎన్నుకున్న రాహుల్ సాంకృత్యాయన్‌ని అప్పటికే అరెస్టు చేసేశారు. కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలో గుడారి రాజమణిపురం దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. గొడవ దేనికి? అడవిలో కట్టెలు కొట్టుకున్నందుకు. ఆ కాల్పుల్లో సాసుమాన గున్నమ్మ చనిపోయింది. మా వైపు ఆమెని వీరగున్నమ్మ అంటారు. ఆ రోజు కట్టె ఒకడి చేతిలో, తుపాకి ఇంకొకడి చేతిలో. జమీందారీలు 1948 చట్టంతో పోయాయి, కాని తుపాకి ఉన్న ఇంటి అరుగు ముందు నిలబడి మాట్లాడే తీరు అంత తొందరగా పోలేదు. మా తాత జమీందారు కాదు, పదెకరాల జీడి తోట రైతు. అయినా తుపాకి ఆయనది, ఉలి అవతలివాడిది. "బాబూ" అని మొదలుపెట్టిన మాట ఎంత నిజమైనా అరుగు ఎక్కదు.

మధ్యలో ఓ మాట. ఇది చూసి ఎవరూ ఇంట్లో ఉన్న పాత తుపాకి విప్పేయకండి. 1959 ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం వ్యాపారంగా తుపాకి బాగుచేయడానికి కూడా లైసెన్సు కావాలి. కర్ర చెక్కడం కూడా దాని కిందికి వస్తుందని మా తాతకీ తట్టలేదు, ఆ వడ్రంగికీ తట్టలేదు. అయినా వాళ్లకి ఇంకో దారి ఏముంది? 1980లలో విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు ఆగిపోయింది. ఎర్‌స్టాల్ నుంచి ముందు కర్ర ఉద్దానం వచ్చే రోజులు కావవి.

పోయిన సంక్రాంతికి ఉంగరం జేబులో వేసుకుని వడ్రంగివాళ్ల వీధికి వెళ్లాను. ఆయన పోయి చాలా ఏళ్లయింది. కొడుకు ఉన్నాడు, అరవై దాటాయి, ఇప్పుడు కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీలకి చెక్క పెట్టెలు, బల్లలు చేస్తాడు. నేను ఎవరి మనవణ్ణో చెప్పగానే రంపం ఆపలేదు. "కూకో" అన్నాడు, అంతే. కర్ర ముక్కలు రెండూ బల్ల మీద పెట్టాను. అప్పుడు రంపం ఆగింది. పనస ముక్క తీసుకుని లోపలంతా వేలితో తడిమాడు. "మా అయ్య సెయ్యి ఇది" అన్నాడు.

ఫోన్లో బొమ్మ చూపించి చెప్పాను, మావయ్యా, ఇక్కడ ఈ ఉంగరం ఉండాలి, మా తాత తీసేశాడు, అందుకే గొట్టం వచ్చి గుద్దేది, కర్ర పగిలేది. ఆయన ఉంగరం తీసుకుని ఏటవాలు ఎటుందో చూశాడు. నేను చెప్పకుండానే తిప్పి పట్టుకున్నాడు.

"మా అయ్య పడుకున్నపుడు కూడా అదే మాట సెప్పేవోడు. నోపల గుద్దెత్తన్నాదిరా, ఆల్లు ఇనుకోరు అని."

టేకు కర్ర కూలి ఎంత అని అడిగాను. పద్దులో అంకె లేదు కదా. ఆయనకి గుర్తుంది. పద్దెనిమిది రూపాయలు. నేను జేబులో చెయ్యి పెట్టేసరికి, "ఒద్దు, ఇప్పుడు తీసుకుంటే ఆ లెక్క మాసిపోద్ది" అన్నాడు. నవ్వుతూ అన్నాడో కాదో నాకు తెలియలేదు. తర్వాత ఉంగరం చూపించి, "ఇది ఉంచుతావేటి?" అన్నాడు.

ఉంచాను. వాళ్ల నాన్న ఉలులు వేలాడదీసిన మేకు ఉంది గోడకి, దానికే తగిలించాడు. నేను లేచేసరికి రంపం మళ్లీ మొదలైంది.